బేకలైట్ ముక్క కోసం లాప్ స్టీల్ వాళ్ళు ఎందుకంత ప్రాణం పెడతారంటే

"అన్నా, ఆరేళ్ళుగా ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తున్నా, ఈమధ్య లాప్ స్టీల్, అదే ఒళ్ళో పడుకోబెట్టి వాయించే గిటార్, దాని సౌండ్ చెవిలో పడ్డాక ఇంక వేరేది వినబుద్ధి కావట్లేదు, పెద్ద ప్లేయర్లు ఏ లాప్ స్టీల్ ఇష్టపడతారు, ఎందుకు, నేను ఏది కొంటే మంచిది" అని అడిగావు కదా తమ్ముడూ. నీకు ఒక మోడల్ పేరు చెప్పేసి ఊరుకోవచ్చు, కానీ అలా చెప్తే నువ్వు డబ్బులు పోసి తెచ్చుకుని మూడు నెలల్లో మూల పెట్టేస్తావేమో అని నా భయం. నేను ఇరవై ఆరేళ్ళ నుంచి దీన్ని ఒళ్ళో పెట్టుకుని తిరుగుతున్నా, అందులో పదహారేళ్ళు డాలస్ చుట్టుపక్కల వీకెండ్ బ్యాండ్లలో, కొన్ని సొంతంగా కొన్నా, కొన్ని ఫ్రెండ్స్ దగ్గర వాయించా, కాబట్టి తెలిసింది తెలిసినట్టు చెప్తా, కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

ముందు ఒక సంగతి అర్థం చేసుకోవాలి. మామూలు గిటార్ కొనేటప్పుడు మనం ఏం చూస్తాం, మెడ వంగిందా, ఫ్రెట్లు, అంటే మెడ మీది మెట్లు, అరిగాయా, తీగలు ఎత్తుగా ఉన్నాయా, వేలు హాయిగా తిరుగుతోందా అని. లాప్ స్టీల్‌కి ఇవేవీ అక్కర్లేదు. ఇక్కడ వేలు తీగని ఫ్రెట్‌కి నొక్కదు, స్టీల్ బార్ ఒకటి తీగల మీద ఆనుకుని జారుతుంది అంతే, ఫ్రెట్లు ఉత్త గీతలు, కంటికి దారి చూపించడానికి గీసినవి. తీగ దేన్నీ తాకదు, ఆ పక్క తీగలు ఆనే బ్రిడ్జ్ ఈ పక్క బార్, మధ్యలో గాలి. అంటే ఆ సౌండ్‌లో మిగిలేది ఏమిటి, పికప్ (తీగ ఊపుని కరెంట్‌గా మార్చే అయస్కాంతం, కాయిల్), బ్రిడ్జ్ ఎంత గట్టిగా కూర్చుంది, తీగ పొడుగు ఎంత, బాడీ బరువు ఎంత, ఇక నీ చెయ్యి. దాచుకోవడానికి ఇంకేం లేదు. అందుకే ఎనభై తొంభై ఏళ్ళ కింద తయారైన లాప్ స్టీల్ ఇవాళ్టికీ కొత్తదానిలా పలుకుతుంది, అరిగిపోయే భాగాలే లేవు దానికి. అందుకే ప్లేయర్లు కూడా పాతవాటి వెంట పడతారు, పాతది అన్న మోజుతో కాదు, ఆ పికప్‌లు మళ్ళీ అలా ఎవరూ చుట్టలేదు అని.

ఇంక పాతకాలం వాళ్ళని ఎవర్ని కదిపినా ముందు వచ్చే పేరు రికెన్‌బ్యాకర్ కంపెనీ బేకలైట్ అనే గట్టి నల్ల ప్లాస్టిక్‌తో చేసిన లాప్ స్టీల్, అది కూడా రెండో ప్రపంచయుద్ధానికి ముందుది. దాని కథ కొంచెం వెనక నుంచి మొదలవుతుంది. హవాయిలో జోసెఫ్ కెకుకు అని 1874లో పుట్టినాయన, గిటార్ తీగల మీద ఇనుప ముక్క జార్చి వాయించడం ఆయనే మొదలుపెట్టాడని చెప్పుకుంటారు, 1904లో దీవులు వదిలి అమెరికా వెళ్ళాడు, తర్వాత 1915లో శాన్ ఫ్రాన్సిస్కోలో పెద్ద ఎగ్జిబిషన్ జరిగితే అక్కడ హవాయి సంగీతం విని అమెరికా అంతా ఆ పిచ్చిలో పడిపోయింది. ఒకటే బాధ, ఒళ్ళో పడుకోబెట్టిన గిటార్ సౌండ్ పైకప్పుకి పోతుంది కానీ వినేవాళ్ళ వైపు రాదు, పైగా పక్కన బాకాలు మోగుతుంటే అసలే వినపడదు. 1927లో నేషనల్ కంపెనీ వాళ్ళు మూడు అల్యూమినియం కోన్లు లోపల పెట్టి ట్రైకోన్ అని లోహపు గిటార్ చేశారు, అది గట్టిగానే మోగింది, కానీ సరిపోలేదు. అప్పుడు జార్జ్ బోషాంప్ అనే ఆయన, స్వయంగా స్టీల్ ప్లేయర్, అసలు శబ్దాన్ని పెట్టె నుంచి కాదు తీగ నుంచే నేరుగా తీసుకుంటే పోదా అని కూర్చున్నాడు. 1931లో చెక్కతో ఒక నమూనా చేశారు, 1932లో పోత అల్యూమినియంతో అమ్మకానికి పెట్టారు. గుండ్రటి చిన్న బాడీ, పొడుగు మెడ, అచ్చం పిడి ఉన్న అట్లపెనంలా ఉంటుంది, అందుకే దాని పేరు ఫ్రైయింగ్ పాన్ అనే స్థిరపడిపోయింది, రికెన్‌బ్యాకర్ వాళ్ళ మొదటి ఎలక్ట్రిక్ గిటార్ ఇదే. రెండు సైజులు, ఎ-22 అంటే తీగ ఇరవై రెండున్నర అంగుళాలు, ఎ-25 అంటే ఇరవై అయిదు. నువ్వు ఇవాళ వాయిస్తున్న ఎలక్ట్రిక్ గిటార్‌కి ముత్తాత అది. బాగా అమ్ముడుపోయిన మొదటి ఎలక్ట్రిక్ గిటార్ ఒళ్ళో పెట్టుకుని వాయించేది అన్న సంగతి చాలామంది గిటారిస్టులకే తెలీదు, నాకు ఇది చెప్పాలంటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

దాని పికప్ చూడాలి నువ్వు. మన గుర్రపు నాడా ఉంటుంది కదా, ఆ ఆకారంలో వంచిన రెండు అయస్కాంతాలు, ఎదురెదురుగా పెట్టి తీగల్ని ఆ కమాను లోపల్నుంచి పోనిస్తారు, కింద కాయిల్. ఇప్పటి పికప్‌లలో అయస్కాంతం కిందే ఉంటుంది, ఇక్కడ మాత్రం తీగ చుట్టూ పైనా కిందా ఉంటుంది. దాంతో వచ్చే టోన్ ఎలా ఉంటుందంటే, మందంగా ఉంటుంది కానీ బరువుగా మూసుకుపోయినట్టు ఉండదు, పై స్వరాలు కూడా సన్నగా గీరినట్టు కాకుండా గొంతు విప్పి పాడినట్టు వస్తాయి. యుద్ధానికి ముందు చేసినవాటిలో ఆ అయస్కాంతం వెడల్పు ఒకటిన్నర అంగుళం, తర్వాతవాటిలో ఒకటింబావు. వినడానికి పావు అంగుళమే, కానీ ఆ పావు అంగుళం కోసమే జనం కొట్టుకు చస్తారు.

అల్యూమినియం పెనానికి ఒక తెగులు ఉంది, స్టేజి లైట్ల వేడికి లోహం వ్యాకోచించి శ్రుతి కదిలిపోతుంది. దానికి విరుగుడుగా 1935లో బేకలైట్‌తో మోడల్ బి తీశారు. బేకలైట్ అంటే మన పాత ఇళ్ళలో నల్లటి గుండ్రటి కరెంట్ స్విచ్‌లు ఉండేవి చూడు, పాత నల్ల టెలిఫోన్, అదే పదార్థం. మెడ వేరు బాడీ వేరు పోతపోసి బోల్టులతో బిగిస్తారు, ఫ్రెట్లు కూడా ఆ పోతలోనే వచ్చేస్తాయి, వాటికి తెల్ల రంగు పూస్తారు, పైన క్రోమ్ రేకులు. చూడ్డానికి బుల్లిది, ఎత్తితే మాత్రం చెయ్యి కిందికి లాగుతుంది, అంత బరువు.

నేను మొదటిసారి దాన్ని ముట్టుకున్నది ఫోర్ట్ వర్త్‌లో ఒక పెద్దాయన ఇంట్లో. ఆయన వయసు అప్పటికి ఎనభై దాటింది, వేళ్ళు వంకర్లు పోయాయి, ఇంక తను వాయించలేక వచ్చినవాళ్ళ చేత వాయించుకుని వినేవాడు. ఒళ్ళో పెట్టగానే తొడల మీద చల్లగా బండరాయి పెట్టినట్టు అనిపించింది. బార్ పన్నెండో గీత మీద పెట్టి ఒక్క తీగ మీటాను, మూడో తీగ, ఊరికే, ఏ రాగమూ కాదు. ఆ స్వరం పుట్టి, నిలబడి, కొంచెంసేపు ఆగి, అప్పుడు లావయింది తమ్ముడూ, సన్నబడాల్సింది పోయి ఇంకా నిండుగా అయింది, నేను బార్‌ని కొంచెం ముందుకి వెనక్కి ఊపితే ఎవరో కళ్ళు మూసుకుని పాడుతున్నట్టుంది. ఆయన కుర్చీలోంచి "ఇంకోటి వెయ్యకు, అది అయిపోనీ" అన్నాడు. అది అయిపోయేదాకా ఇద్దరం కూర్చున్నాం. బేకలైట్ గట్టిది, బరువైనది, తీగ ఊపుని లోపలికి మింగేసుకోదు, తీగలు బాడీలోంచి పోయి వెనక గట్టిగా పట్టుకుని ఉంటాయి, పైన ఆ అయస్కాంతాలు, అన్నీ కలిసి అది. నేనైతే ఈ జన్మకి ఒకటే లాప్ స్టీల్ ఉంచుకోమంటే యుద్ధానికి ముందుది ఆరు తీగల బి మోడలే ఉంచుకుంటా, రెండో ఆలోచన లేదు.

అయితే దాని బాధలు కూడా చెప్పాలి. బేకలైట్ గాజులాంటిది, పడితే సొట్ట పడదు, పగులుతుంది. నేను ఆన్‌లైన్‌లో కొన్న మొదటిది అలాగే పోయింది, అమ్మినాయన తీగలు ఫుల్లుగా బిగించి, చుట్టూ రెండు పేపర్లు చుట్టి పార్సిల్ చేశాడు, పెట్టె తెరిస్తే మెడ బాడీలోకి దిగే చోట అడ్డంగా చీలిక. ఆ రాత్రి నేను అన్నం తినలేదు, డబ్బు పోయిందని కాదు, డెబ్భై ఏళ్ళు బతికిన వాయిద్యం నా అడ్రస్‌కి వస్తూ పోయిందే అని. నువ్వు ఎప్పుడైనా బేకలైట్ తెప్పించుకుంటే తీగలు వదులు చేయించు, మెడ విప్పి విడిగా చుట్టమను, ఫోటో పంపాకే పార్సిల్ కట్టమను. ఇంకోటి, అది సింగిల్ కాయిల్, అంటే పికప్‌లో ఒకటే కాయిల్, గుయ్ మని హమ్ వస్తుంది, హైదరాబాద్‌లో మా ఇంట్లో పాత ఫ్యాన్ రెగ్యులేటర్ తిప్పితే ఆంప్‌లో తేనెటీగలు తిరిగినట్టుండేది. వేడికి శ్రుతి కదలడం కూడా పూర్తిగా పోలేదు, అల్యూమినియం కన్నా నయం అంతే, నేను స్టేజి ఎక్కాక పది నిమిషాలు ఆగి అప్పుడు శ్రుతి చేస్తా.

దీన్ని ప్రేమించిన వాళ్ళ లిస్టు చూస్తే నీకే అర్థమవుతుంది. సోల్ హూపీ, 1902లో హొనొలులులో పుట్టినాయన, 1920లలో నేషనల్ ట్రైకోన్ మీద వాయించి తర్వాత రికెన్‌బ్యాకర్‌కి వచ్చాడు, ఆయన జాజ్ పలుకుబడి ఇవాళ వింటే కూడా చెయ్యి వణుకుతుంది, అంత వేగం అంత శుభ్రం. జెర్రీ బర్డ్, ఒహాయోలో పుట్టాడు, నాష్‌విల్‌లో పేరు తెచ్చుకున్నాడు, అందరూ కాళ్ళతో తొక్కి తీగల శ్రుతి మార్చే పెడల్ స్టీల్ వైపు పోతుంటే ఈయన మాత్రం పెడల్స్ వద్దన్నాడు, బార్‌ని ఏటవాలుగా తిప్పే పద్ధతితోనే ఆ స్వరాలన్నీ పలికించాడు, చివరికి 1972లో హవాయికే వెళ్ళి స్థిరపడి అక్కడి పిల్లలకి వాళ్ళ వాయిద్యమే మళ్ళీ నేర్పాడు. ఆయన టోన్‌ని మించిన టోన్ నేను వినలేదు. డేవిడ్ లిండ్లీ, రాక్ గాయకుడు జాక్సన్ బ్రౌన్‌తో వాయించినాయన, ఈ బేకలైట్‌నే మంచి ట్యూబ్ ఆంప్‌లో పెట్టి కాస్త చిరిగేలా వాల్యూమ్ పెంచితే రాక్‌లో కూడా గొంతెత్తి పాడుతుందని చూపించాడు, 2023లో పోయాడు, ఆ రోజు నేను బ్యాండ్ ప్రాక్టీస్ మానేశాను. ఇప్పటివాళ్ళలో లార్కిన్ పో బ్యాండ్‌లో మేగన్ లవెల్ అని ఒకమ్మాయి, 1940ల నాటి రికెన్‌బ్యాకర్‌ని పట్టీతో తగిలించుకుని నిలబడి వాయిస్తుంది, ఆమెని చూశాక లాప్ స్టీల్ అంటే కూర్చుని వాయించే ముసలాళ్ళ వాయిద్యం అనే మాట ఎవరూ అనలేరు. హవాయి, కంట్రీ, రాక్, బ్లూస్, నాలుగూ ఒకదానికొకటి పొంతన లేనివి, చేతిలో ఉన్నది మాత్రం ఇంచుమించు ఒకటే. ఎందుకంటే ఆ పికప్ నీ చెయ్యి ఏం చేస్తే అది వినిపిస్తుంది, తన సొంత రంగు పులమదు.

ఫెండర్ సంగతి వేరు. లియో ఫెండర్ తన పేరున్న ఎలక్ట్రిక్ గిటార్ టెలీకాస్టర్ (టెలీ) చెయ్యకముందే, 1945లో పార్ట్‌నర్ కాఫ్‌మన్‌తో కలిసి లాప్ స్టీల్స్ చేసి అమ్మాడు, ఆయన అసలు చెయ్యి తిరిగింది వీటి మీదే. నీ టెలీ బ్రిడ్జ్ పికప్‌లో ఆ కరుకు మెరుపు ఉంటుంది చూడు, దాని దగ్గరి చుట్టం ఫెండర్ చాంపియన్ లాప్ స్టీల్‌లోని పికప్. అందుకే టెలీ చెవికి అలవాటైన వాళ్ళకి ఫెండర్ లాప్ స్టీల్ ఒళ్ళో పెట్టగానే సొంత ఇంటికి వచ్చినట్టుంటుంది. రికెన్‌బ్యాకర్ పాడితే ఫెండర్ మాట్లాడుతుంది, అంచు తెగినట్టు స్పష్టంగా. వీటిలో రాజా స్ట్రింగ్‌మాస్టర్, 1953లో వచ్చింది, రెండు మెడలవి, మూడు మెడలవి, నాలుగు మెడలవి కూడా ఉన్నాయి, ఒక్కో మెడ ఒక్కో శ్రుతిలో పెట్టుకుంటారు. ఒక్కో మెడకి రెండు పికప్‌లు, రెండూ కలిస్తే హమ్ కొట్టేసుకుంటుంది, పైగా రెండో పికప్ ఎంత కలపాలో తిప్పుకునే చిన్న చక్రం ఉంటుంది, అది తిప్పుతుంటే పాలల్లో తేనె కలిసినట్టు టోన్ మారుతుంది. శాంటో అండ్ జానీ అన్నదమ్ముల 'స్లీప్ వాక్' తెలుసు కదా, 1959లో అమెరికాలో నంబర్ వన్ అయింది, పాట లేదు మాట లేదు, ఉత్త వాయిద్యమే, అందులో శాంటో వాయించింది మూడు మెడల స్ట్రింగ్‌మాస్టర్. వాళ్ళ నాన్న సైన్యంలో ఓక్లహోమాలో ఉన్నప్పుడు స్టీల్ గిటార్ విని ముచ్చటపడి పిల్లలు ఇది నేర్చుకోవాలి అనుకున్నాడట. బరువు మాత్రం భయంకరం, ఒళ్ళో పెట్టుకునేది కాదు, కాళ్ళు బిగించి ముందు నిలబెట్టుకోవాలి.

గిబ్సన్ గురించి తక్కువే చెప్తా, నా దగ్గర ఎక్కువ రోజులు లేదు. 1930ల మధ్యలో వాళ్ళ ఇహెచ్-150 వచ్చింది, అందులోని పికప్‌నే తర్వాత మామూలు గిటార్‌లో పెట్టారు, దాన్నే జాజ్ గిటారిస్ట్ చార్లీ క్రిస్టియన్ పేరుతో పిలుస్తున్నారు, అంటే జాజ్ గిటార్ టోన్ కూడా లాప్ స్టీల్ కడుపున పుట్టిందే. మెత్తగా, గుండ్రంగా, చెక్క వాసన వేసే టోన్. కానీ కంట్రీ పిచ్చి ఉన్నవాళ్ళు గిబ్సన్ కన్సోల్ గ్రాండ్ పేరు చెప్తే దండం పెడతారు, కంట్రీ గాయకుడు హ్యాంక్ విలియమ్స్ వెనకాల డాన్ హెల్మ్స్ వాయించింది దాని మీదే, రెండు మెడలు, ఒక్కో మెడకి ఎనిమిది తీగలు. హెల్మ్స్ ఎప్పుడూ పైస్థాయిలోనే వాయించేవాడు, పాట గొంతుకి అడ్డం రాకుండా దాని పైన ఏడుస్తున్నట్టు, ఆ పాత రికార్డుల్లో గొంతు తర్వాత మనకి గుర్తుండేది ఆ ఏడుపే.

ఇంక తక్కువ డబ్బుకి ఎక్కువ గొంతు ఇచ్చేవి చికాగోలో వాల్కో కంపెనీ చేసిన సుప్రో, ఓహూ, నేషనల్ బ్రాండ్లవి. అప్పట్లో పిల్లలకి ట్యూషన్‌తో పాటు అంటగట్టిన స్టూడెంట్ మోడల్స్, పైన ముత్యపుచిప్పలా మెరిసే ప్లాస్టిక్ అంటించి ఉంటుంది. వాటి పికప్‌లో కూడా తీగలు లోపల్నుంచి పోతాయి, వాల్యూమ్ పెంచితే బొంగురుగా, కోపంగా అరుస్తుంది, బ్లూస్‌కి దానంత మంచిది లేదు. అమెరికా గిటారిస్ట్ రై కూడర్ ఏం చేశాడంటే అలాంటి లాప్ స్టీల్ పికప్ ఒకటి పీకి తన స్ట్రాటోకాస్టర్ గిటార్ బ్రిడ్జ్ దగ్గర బిగించుకున్నాడు, ఆ గిటార్‌కి కూడర్‌కాస్టర్ అని పేరే వచ్చింది, అది చూసి జనం పాత సుప్రోలు కొని పికప్ లాక్కుని బాడీలు పారేయడం మొదలుపెట్టారు. నాకు ఇది చాలా బాధ. దయచేసి నువ్వు ఆ పని చెయ్యకు.

మరి పింక్ ఫ్లాయిడ్ గిటారిస్ట్ డేవిడ్ గిల్మర్? నువ్వు అడగలేదు కానీ నీ మనసులో ఉన్నది ఆయనే అని నాకు తెలుసు, మన దగ్గర లాప్ స్టీల్ అడిగేవాళ్ళలో సగం మంది పింక్ ఫ్లాయిడ్ దారిలోనే వస్తారు. ఆయన ఏళ్ళ తరబడి స్టేజి మీద వాయించింది జెడ్‌సన్ అనే చవక లాప్ స్టీల్. నిజంగా చవకది, నేర్చుకునే పిల్లల కోసం అమ్మింది. 1994లో వచ్చిన 'హై హోప్స్' చివర ఆ పొడుగాటి సోలో లాప్ స్టీలే. ఆయన ఏ గిటార్ కావాలంటే అది కొనగలడు, అయినా దాన్నే ఎందుకు పట్టుకున్నాడు అంటే, చెప్పాను కదా, దీంట్లో అరిగిపోయేదీ చెడిపోయేదీ లేదు, ఆ పికప్ ఆయన డిలే, ఆయన ఫజ్ (సౌండ్‌ని మార్చే పెట్టెలు), ఆయన ఆంప్‌లతో కుదిరింది, చేతికి గీతల దూరం అలవాటైంది, అయిపోయింది. తీగ పొడుగు మారితే గీతల మధ్య దూరం మారుతుంది, చెయ్యి నేర్చుకున్న దూరాన్ని మర్చిపోవడం చాలా కష్టం తమ్ముడూ, ప్లేయర్లు ఒకే వాయిద్యం పట్టుకుని ముప్పై ఏళ్ళు ఉండడానికి పెద్ద కారణం ఇదే, టోన్ కన్నా ఇదే పెద్దది అంటా నేను.

కరెంట్ లేనివాటిలో వైసెన్‌బోర్న్ ఒక్కటి చెప్పి వదిలేస్తా. హెర్మన్ వైసెన్‌బోర్న్ అని జర్మనీ నుంచి వచ్చి లాస్ ఏంజెలెస్‌లో స్థిరపడినాయన, 1920లలో హవాయి కోవా చెక్కతో చేసేవాడు, మెడ కూడా బోలుగా ఉంటుంది, అంటే తల దాకా మొత్తం ఒకటే గాలిపెట్టె. గాయకుడు బెన్ హార్పర్ వల్ల మళ్ళీ వెలుగులోకి వచ్చింది, వాళ్ళ అమ్మమ్మ తాతయ్యల కాలం నుంచి కాలిఫోర్నియా క్లేర్‌మాంట్‌లో వాయిద్యాల షాపు ఉంది, అలాంటి పాత గిటార్ల మధ్య పెరిగాడు. రాత్రిపూట ఇంట్లో వాయించుకోవడానికి దాన్ని మించింది లేదు.

ఇప్పుడు మన సంగతి. మన ఇళ్ళలో దీన్ని లాప్ స్టీల్ అనలేదు, హవాయన్ గిటార్ అన్నారు. నేను నేర్చుకున్నది సికింద్రాబాద్ లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో, రిటైరైన ఒక ఆంగ్లో ఇండియన్ మాస్టారి దగ్గర, ఆదివారం చర్చి అయ్యాక రెండు గంటలు. ఆయన దగ్గరున్నది కలకత్తాలో చేసిన వాయిద్యం, పేరు కూడా చెరిగిపోయింది, దాని మీదే హిందీ పాటలు, హవాయి వాల్ట్జులు, క్రిస్మస్ పాటలు అన్నీ. కలకత్తా ఎందుకంటే హవాయి నుంచి టావ్ మో అనే ఆయన కుటుంబంతో ప్రపంచమంతా తిరుగుతూ 1940లలో చాలా ఏళ్ళు అక్కడే ఉన్నాడు, అక్కడ గార్నీ నిస్ లాంటివాళ్ళు బ్యాండ్లు పెట్టారు, తర్వాత సునీల్ గంగూలీ ఎలక్ట్రిక్ హవాయన్ గిటార్ మీద సినిమా పాటలు వాయించిన రికార్డులు దేశమంతా మోగాయి. ఇంకో పక్క జోధ్‌పూర్ నుంచి బ్రిజ్ భూషణ్ కాబ్రా దాన్ని హిందుస్తానీలోకి తెచ్చాడు, విశ్వమోహన్ భట్ తీగలు పెంచి మోహన్ వీణ అన్నాడు, రై కూడర్‌తో చేసిన ఆల్బమ్‌కి 1994లో గ్రామీ వచ్చింది, దేబాశిష్ భట్టాచార్య తన చేత్తోనే చతురంగి, గంధర్వి, ఆనంది అని మూడు రకాలు రూపకల్పన చేశాడు. వీళ్ళందరికీ ఇష్టం ఎందుకో మనకి వేరే చెప్పక్కర్లేదు, మన గోటువాద్యం చూసినవాళ్ళకి తెలుసు, మెట్లు లేని తీగ మీద దిమ్మ జారుస్తూ గమకం పలికించడం. తోడిలో గాంధారం గుర్తుచేసుకో, అది ఒక చోట నిలబడే స్వరం కాదు, ఊగుతూ ఉండే స్వరం. మామూలు గిటార్‌లో దానికోసం తీగ లాగి లాగి వేలు పుండవుతుంది, ఇక్కడ బార్‌ని రెండు గీతల మధ్య ఊపితే చాలు, కానీ ఎంత ఊపాలి, ఎక్కడ ఆపాలి అన్నది చెవికే తెలియాలి, ఏ గీతా చెప్పదు. మా మాస్టారు బల్బు తీసేసి చీకట్లో వాయించమనేవారు అందుకే.

సరే, కొనడం దగ్గరికి వద్దాం. ఇప్పుడే రికెన్‌బ్యాకర్ కొనకు, మంచి కండిషన్‌లో ఉన్నది వేల డాలర్లు, ఇండియాకి తెప్పిస్తే కస్టమ్స్ అదనం, ఇంకా బార్ పట్టడమే రాని చేతికి అది ఎందుకు. మొదటి అడుగు ఏంటంటే ఇంట్లో పాత అకౌస్టిక్ ఉంటే మెడ చివర తీగలు ఆనే నట్ మీద తొడిగే ఎక్స్‌టెన్షన్ నట్ ఒకటి తెప్పించుకో, చాలా తక్కువలో వస్తుంది, తీగలు ఎత్తవుతాయి, ఒళ్ళో పడుకోబెట్టు. శ్రుతి ఓపెన్ డి పెట్టు, లావు తీగ నుంచి డి ఎ డి ఎఫ్ షార్ప్ ఎ డి, దీంట్లో అన్ని తీగలూ దించడమో అలాగే ఉంచడమో తప్ప ఏదీ బిగించక్కర్లేదు, గిటార్‌కి ప్రమాదం లేదు. డోబ్రో (లోపల లోహపు కోను ఉండే గిటార్) వాళ్ళు వాడే జి శ్రుతి, అంటే జి బి డి జి బి డి, ఈ గిటార్ మీద పెట్టకు, లావు తీగలు రెండూ పైకి బిగించాలి, తెగుతాయి లేదా బ్రిడ్జ్ లేచిపోతుంది. రెండు మూడు నెలలు అయ్యి ఇంకా మోజు తగ్గకపోతే అప్పుడు కొత్తవాటిలో రికార్డింగ్ కింగ్ ఆర్‌జి-32 లాంటిది చూడు, పి-90 అనే సింగిల్ కాయిల్ రకం పికప్ ఉంటుంది, ఆ ధరకి నిజాయితీగా పలుకుతుంది. డబ్బు బాగా ఉంటే ఆషర్, డ్యూసెన్‌బర్గ్ కంపెనీలవి, రెండూ చక్కటివి, డ్యూసెన్‌బర్గ్‌లో తీగని చిన్న మీటతో వంచే ఏర్పాటు కూడా పెట్టుకోవచ్చు.

పాతది దొరికితే చూడాల్సింది కొంచెమే. ఆంప్‌లో పెట్టి ఆరు తీగలూ సమానంగా మోగుతున్నాయా విను, ఒక తీగ చచ్చినట్టుంటే పికప్ అనుమానం. బార్‌ని సరిగ్గా పన్నెండో గీత పైన పెట్టి మీటు, అదే తీగ పన్నెండు మీద హార్మోనిక్ కొట్టు, అంటే బార్ లేకుండా వేలు ఊరికే తాకించి మీటు, రెండూ కలవకపోతే బ్రిడ్జ్ కదిలింది లేదా ఎవరో మార్చారు. నాబ్ తిప్పితే బరబరమంటే భయపడకు, అది శుభ్రం చేస్తే పోతుంది. తీగలు బిగించే కీలు జారుతున్నాయేమో మాత్రం గట్టిగా చూడు, ఓపెన్ శ్రుతిలో ఒక్క తీగ జారినా మొత్తం పాడవుతుంది.

బార్ దగ్గర పిసినారితనం వద్దు. గిటార్ స్లైడ్ వేలికి తొడుక్కునేది దీనికి పనికిరాదు, గుండు తల ఉన్న నిండు స్టీల్ బార్ కావాలి, ఆరు తీగలకి ముప్పావు అంగుళం లావుది సరిపోతుంది. బరువున్న బార్ అయితే నువ్వు నొక్కక్కర్లేదు, దాని బరువే తీగని పట్టుకుంటుంది, కొత్తవాళ్ళు చేసే మొదటి తప్పు నొక్కడం. రెండో తప్పు, మామూలు గిటార్ అలవాటుతో ఫ్రెట్‌కి కాస్త వెనక పెట్టడం, ఇక్కడ సరిగ్గా గీత నెత్తిన ఉండాలి. మూడోది, బార్ వెనక మిగతా వేళ్ళు గాల్లో తేలడం, ఉంగరం వేలు చిటికెన వేలు బార్ వెనక తీగల మీద మెత్తగా ఆనించి ఉంచు, లేకపోతే బార్‌కి ఆ పక్కనున్న తీగ ముక్క కూడా మోగి సౌండ్ చిత్తడి చిత్తడిగా ఉంటుంది. బొటనవేలికి, రెండు వేళ్ళకి పిక్స్, అంటే తీగ మీటే తొడుగులు, మొదటి రోజే తొడుక్కో, తర్వాత అలవాటు చేసుకోవడం నరకం.

తర్వాత ఎప్పుడైనా హవాయి, స్వింగ్ వైపు వెళ్తే సి6 శ్రుతి, లావు నుంచి సి ఇ జి ఎ సి ఇ, అందులో సి మేజరూ ఎ మైనరూ ఒకే బార్ కింద ఉంటాయి, జెర్రీ బర్డ్ పేరు చెప్పగానే గుర్తొచ్చే శ్రుతి అది. కానీ ఇప్పుడే వద్దు. ముందు ఓపెన్ డి లో నీకు కంఠతా వచ్చిన ఒక పాట, గొంతుతో పాడగలిగిన పాట ఏదైనా తీసుకుని, సన్నటి తీగ ఒక్కదాని మీదే, మొదటి నుంచి చివరి దాకా వాయించు. ఫోన్‌లో రికార్డ్ చేసి పెట్టు తమ్ముడూ, బార్ గీత మీద ఉందో వెనకబడిందో, నొక్కుతున్నావో లేదో విని చెప్తా.